సాయమ్మ బొందకు మొదటి పోటు

2015 జూన్‌లో నన్ను మేళ్లచెరువు పక్కనున్న ఒక పాస్టరేట్‌కు ప్రెస్బిటర్‌గా, అంటే గుడి గురువుగా వేశారు. పాస్టరేట్ అంటే ఒకే గురువు చూసుకునే కొన్ని ఊళ్ల సంఘాలు. నా పైన ఇలాంటి పాస్టరేట్లు కొన్నింటిని చూసే డీనరీ ఛైర్మన్, ఆయన పైన బిషప్పు. కింద, కాగితం మీద నాకు లోబడి ఉండవలసిన పాస్టరేట్ కమిటీ. లోబడిన కమిటీని నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

మా పెద్ద ఊళ్లో సాయమ్మ అనే కూలి మనిషి ఉండేది. పూటపూటా ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేయడం, ఆదివారం గుడికి తేవడం మా స్త్రీల ఆచారం. క్రిస్మస్ విందుకు అవే బియ్యం. సాయమ్మ కుండ ఏనాడూ వెలితిగా రాలేదు. అయినా ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. క్రైస్తవంలో చేరిన ఎస్సీకి చట్టం ప్రకారం ఆ హోదా పోతుంది. ఆమె కొడుకు ఆ సర్టిఫికెట్ మీదే చదువుతున్నాడు. నేను అడిగితే, "నా కొడుకు కాగితం ఆగమైతది అయ్యగారూ. నేనెవరి మనిషినో దేవునికి ఎర్కనే గద" అంది. బాప్తిస్మం పొందినవారికి రొట్టె, ద్రాక్షారసం సంస్కారంగా ఇచ్చే ఆదివారాల్లో బల్ల దగ్గరికి రాకుండా వెనక గోడకు ఆనుకుని కూర్చునేది.

మరుసటి ఏడు వానాకాలంలో సాయమ్మ చనిపోయింది. "ఇన్నేండ్లు గా గుడికే పోయింది గద, ఆడనే పెట్టుకోండ్రి" అని ఊరి పెద్దలు శ్మశానంలో చోటివ్వలేదు. మా కమిటీ సెక్రటరీ దానియేలు రిటైరైన హెడ్మాస్టరు. బాప్తిస్మం లేనివారికి మన సమాధుల తోటలో జాగా లేదన్నాడు. అబద్ధమేం కాదు, నియమం అలాగే ఉంది. ఛైర్మన్‌కు ఫోన్ చేశాను. కమిటీ తీర్మానం లేకుండా ముందుకు పోవద్దని, బిషప్పుగారు టూర్ నుంచి వచ్చేదాకా ఆగమని చెప్పారు. వానలో వాకిట్లో శవాన్ని పెట్టుకుని ఎట్లా ఆగాలో చెప్పలేదు.

అక్కడ భూమి జానెడు దాటితే సున్నపురాయి. బొంద తవ్వాలంటే సగం రోజు పడుతుంది. గురువు ప్రార్థన చేసి, గడ్డపారతో మొదటి పోటు వేస్తేనే మనుషులు తవ్వడానికి దిగుతారు. క్వారీ కూలీలు గడ్డపారలు పట్టుకుని తోట బయట నిలబడి నా ముఖం చూస్తున్నారు. దానియేలు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

అతని తల్లి రత్నమ్మ మా స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె వచ్చి కొడుకు ముందు నిలబడింది. "ఏం బిడ్డా, ప్రతి క్రిస్మసుకు మొదటి బంతిల కూసొని తింటివి గద. సాయమ్మ బియ్యం తిన్ననాడు అడగకపోతివి, బాప్తిస్మం ఉన్నదా అని. ఇయ్యాల జర జాగ అడిగితే యాదికొచ్చిందా?"

దానియేలు నియమం మాట ఎత్తబోయాడు.

"గా నియమం నీ దగ్గరనే పెట్టుకో. గేటు ఇడువు."

నాకు ఒళ్లు మండింది. సంఘమంటే క్రీస్తు శరీరమని, దేవుని ప్రజ అని పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసి గురువునైనవాణ్ణి. ఇప్పుడా ప్రజలో ఒక మనిషిని ఊరు వద్దంటే నేనూ వద్దనాలట. దానియేలుతో, "బాధ్యత నాది, రాసుకోండి" అని చెప్పి, అంగీ చేతులు పైకి మడిచి, ఒక కూలీ చేతిలోంచి గడ్డపార తీసుకున్నాను. తల్లి కదల్లేదు, కొడుకే పక్కకు జరిగాడు. ప్రార్థన చేసి మొదటి పోటు వేశాను. సాయంత్రానికి భూస్థాపన క్రమం ఒక్క మాట తగ్గించకుండా చదివి ఆమెను మట్టిలో పెట్టాము.

సంజాయిషీ అడుగుతూ బిషప్పు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఇలాంటిదే మళ్లీ ఎదురైతే ఏం చేస్తారని అందులో ప్రశ్న. ఇదే చేస్తానని రాశాను. మరుసటి మే నెలలో నందికొండ వైపు బదిలీ చేశారు. సామాను సర్దుకుని వెళ్లాను కానీ క్షమాపణ రాయలేదు.

ఎందరికో బాప్తిస్మం ఇచ్చిన చేతులివి, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఎవరు దేవుని ప్రజో, ఎవరు కాదో తేల్చే పని గురువుది కాదు, కమిటీది అసలే కాదు. మాకు అప్పగించిన పని బొంద తవ్వడం.