అత్తగారు తుమ్మకుండా ఒంగోలు నుంచి పొదిలికి

ఒంగోలులో మా అత్తగారికి కంటి శుక్లం తీశారు. "కుట్టు పడింది. వారం రోజులు తుమ్మకూడదు, దగ్గకూడదు, వంగకూడదు" అని డాక్టరుగారు చెప్పారు. అది విన్న గంటలోనే మా ఆయన కారు కొనాలని తీర్మానించారు. మా పొదిలి బస్సు కుదుపులు అమ్మ కంటికి మంచివి కావట. కారు మీద ఆయనకు ఎప్పటినుంచో మనసుంది, ఇప్పుడు సాకు దొరికింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులవి.

అత్తగారి దగ్గర ఒంగోలులోనే ఉండే ఆడపడుచును ఉంచి, రాత్రికి ఇంటికొచ్చి, మర్నాడు తెల్లవారుజామున పొదిలిలో మొదటి బస్సెక్కాం. అద్దంకిలో ఇడ్లీ తిన్నాం. తొమ్మిదిన్నరకు గుంటూరులో దిగాం. మేం చూడబోయిన కారు ఒక మిర్చి వ్యాపారిది, మిర్చి యార్డు పక్క వీధిలో ఉంది. పాత తెల్ల మారుతి, మెరూన్ సీట్లు, లోపల గుప్పుమనే అగరొత్తుల వాసన. "సొంత పిల్లలా చూసుకున్నానండి" అన్నాడాయన. ముక్కు కాస్త చురుక్కుమంది. కానీ ఆ రోజుల్లో యార్డు చుట్టుపక్కల ఎవరి ముక్కు చురుక్కుమనదు? వీధి వీధంతా తుమ్ముతుంటే కారును ఎవరు అనుమానిస్తారు? బేరం కుదిరింది. భోజనం చేసి పన్నెండింటికి బయల్దేరాం.

చిలకలూరిపేట దాకా అద్దాలు దించుకుని దర్జాగా వచ్చాం. రోడ్డుకు రెండు వైపులా కళ్ళాల్లో కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. పేట దాటాక రోడ్డు వెడల్పు పనుల దుమ్ము లేచింది. అద్దాలు ఎత్తి ఫ్యాను తిప్పాను. గాలి వచ్చే బెజ్జాల్లోంచి సన్నటి ఎర్ర ధూళి మా మొహాన కొట్టింది. ఆయన తుమ్మి, తుమ్మి, ఎలాగో కారును పక్కకు ఆపారు. నేను కళ్ళు తుడుచుకుని వెనక సీటు కిందకు చూశాను. తొడిమలు, గింజలు, నలిగిన కాయలు. ఆ వ్యాపారి మిర్చి శాంపిలు సంచులన్నీ ఇందులోనే తిరిగినట్టున్నాయి.

"ఇందులోనా మీ అమ్మను తీసుకెళ్ళేది?" అన్నాను.

"నాలుగింటికి వస్తామని చెప్పామే" అన్నారాయన, ధూళి నేను చల్లినట్టు.

మార్టూరు దగ్గర టీకొట్టు, పక్కనే పంక్చరు షాపు కనిపిస్తే ఆగాం. ఆయన ఉత్సాహంగా బకెట్టు తెచ్చి నీళ్ళు గుమ్మరించారు. ధూళి తడిసి ముద్దయి సీటు కుట్లలోకి దిగింది, ఆయన చేతులు భగ్గుమన్నాయి. పంక్చరు షాపతను నవ్వి, "నీళ్ళు కాదు సార్, గాలి కొట్టాల" అని పైపు తెచ్చి కారులోకి కొట్టాడు. టీ తాగుతున్న వాళ్ళంతా గ్లాసులు కింద పెట్టి తుమ్మారు.

"ఏందయ్యా, నా బేరం చెడగొడతారా? ఆ మూలకు పోండి" అని టీకొట్టాయన కసిరాడు.

అప్పుడు కొంగు మూతికి కట్టుకుని పని నా చేతిలోకి తీసుకున్నాను. వెనక సీటు పైకి లాగి ఎండలో పెట్టించి బొంత దులిపినట్టు దులిపించాను. కిళ్ళీకొట్లో టూత్‌బ్రష్షు కొని కుట్ల వెంట గీకాను. చీపురుపుల్లకు గుడ్డ చుట్టి గాలి బెజ్జాలు తుడిచాను. సబ్బునీళ్ళలో గుడ్డ గట్టిగా పిండి సీట్లు, తలుపులు, కప్పు తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో మళ్ళీ తుడిచాను. ఆయన చేతులకు కొబ్బరినూనె రాసి, తలుపులు తెరిచి, ధూళి రావడం ఆగేదాకా ఫ్యాను తిప్పించాను. కారు అద్దంలా ఉంది. కానీ శుభ్రమైందో లేదో తెలిసేదెలా? మా ముక్కులు అప్పటికే మొద్దుబారిపోయాయి.

అక్కడ బస్సు కోసం చూస్తున్న చీరాల చీరల వ్యాపారి ఒకాయన మా అవస్థంతా చూస్తున్నాడు. "నాది పాడు ముక్కమ్మా. నూలు దుమ్ముకే పది తుమ్ములు తుమ్ముతా" అన్నాడు. ఒంగోలు దాకా ఊరికే తీసుకెళ్తామని చీరల మూటతో సహా వెనక కూర్చోబెట్టాం. మేదరమెట్ల దాటినా ఆయన తుమ్మలేదు. మా ఆయన ఈల వేయడం మొదలుపెట్టారు. కారు కాగితాలు చూద్దామని నేను డాష్‌బోర్డు అర తెరిచాను. చీరలాయన వరసగా నాలుగు తుమ్మాడు. అరలో చిరిగిన కారం పొట్లం ఉంది. కారు ఆపి, పొట్లం పారేసి, అర కడిగాం. "ఇంక మీ అత్తగారికి భయంలేదు" అని దీవించి ఆయన ఒంగోలులో దిగిపోయాడు.

ఆసుపత్రి చేరేసరికి అయిదు. అత్తగారు నల్లద్దాలు పెట్టుకుని వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. "మీ కారు నడిచొచ్చిందా?" అంది. వెనక సీట్లో జాగ్రత్తగా కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. దారి పొడుగునా ఆమె ముక్కునే చూస్తున్నాను. ఆ ముక్కు కదిలితే నా ప్రాణం కదులుతోంది.

చీమకుర్తి దాటాక పొద్దు వాలింది. "నా మొహంలో ఏముందని అట్టా చూస్తున్నావే?" అంటూ ఆమె నల్లద్దాలు కాస్త పైకెత్తి, సీటు కుట్టు మీద వేలు పెట్టింది.

"ఇదేందే, మిరప గింజ గదూ?"

నిజంగా గింజే. టూత్‌బ్రష్షుతో గీకిన నా కంటికి ఆనలేదు. ఆర్నెల్లుగా కంచంలో అన్నమేదో కూరేదో తడుముకుని తిన్న మనిషి ఆమె. మా ఆయన కారు ఆపేసి వెనక్కి తిరిగి, "అమ్మా, కనపడిందా నీకు?" అన్నారు. 

"కనపడక? అదిగో, అక్కడింకోటి" అంటూ ఆమె మొదటి గింజను వాసన చూడబోయింది. నేను చప్పున లాక్కుని కిటికీలోంచి పారేశాను.

పొదిలి వచ్చేలోగా తుమ్మకుండా, వంగకుండా, కూర్చున్న చోటి నుంచే ఆమె ఇంకా చాలా చూపించింది. "సరిగ్గా తుడవలేదే నువ్వు" అని సాధిస్తూనే ఉంది. ఒక్కో గింజా ఏరి బయట వేస్తుంటే నా సంతోషం ఇంతా అంతా కాదు.