అన్న పేరు పక్కన ఆరు పాయింట్లు

మూడేళ్లుగా ఒక అంకె నా గుండె మీద కూర్చుని ఉంది. ఆరు. మీరు నన్ను ఎరుగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నంద్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో వక్తృత్వ పోటీల్లో నాకు పేరుండేది. తప్పు చేసిన డ్రైవరుకు జరిమానా చాలదు, పెనాల్టీ పాయింట్లు కూడా పడాలని వాదించి ఒకసారి మొదటి బహుమతి గెలిచాను. అది విని, ఆళ్లగడ్డలో మా అన్న బస్సు నడిపే ప్రైవేటు బడివారు తమ డ్రైవర్లకు అలాంటి నియమావళి రాసిమ్మన్నారు. రాశాను. బస్సు కదులుతుండగా చేతిలో ఫోను కనిపిస్తే ఆరు పాయింట్లు. ఆరు పడితే ఉద్యోగం నుంచి తొలగింపు. సంజాయిషీకి తావు లేదు. ఆ చివరి వాక్యం మీద నాకు ప్రత్యేకమైన గర్వం.

బడి గేటు దగ్గర డ్రైవర్ల పేర్లు, వాళ్లకు పడిన పాయింట్లు రాసే బోర్డు పెట్టారు. ఏడాది గడిచినా అన్న పేరు పక్కన సున్నాయే. చాగలమర్రి నుంచి చుట్టం వస్తే, మా నాయన ఆయనను ఆ గేటు దాకా నడిపించుకుపోయాడు. నేనూ వెంట ఉన్నాను.

“సూడు బావా, మా పెద్దోనికి ఒక్క పాయింటన్నా ఉండాదేమో!”

“మరి చిన్నోడేం జేస్తాండాడు?”

“వాడా? మైకు దొరికితే ఇడ్సడు.”

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ బోర్డు వెనుక ఉన్న ప్రతి నిబంధనా నాదేనని చెప్పడం నాయనకు తోచలేదు. నేను గెలిచిన కప్పులో మా అమ్మ పిన్నీసులు వేసుకునేది.

అది అసూయ అని అప్పుడు ఒప్పుకోలేదు. ఏ మనిషీ ఏడాది పొడవునా తప్పు చేయకుండా ఉండలేడు, కాబట్టి ఆ సున్నా అబద్ధం, అబద్ధాన్ని బయటపెట్టడం నా ధర్మం అని మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ పోయాను. పునాది చూడలేదు. చూడదలచుకోలేదా?

ఒక సాయంత్రం బడి వదిలే వేళకు నాలుగు రోడ్ల దగ్గర నిలబడ్డాను. అన్న బస్సు మెల్లగా వస్తోంది. ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పటికే కెమెరా తెరిచి ఉంచాను. ఫోటో తీసి, ఏమీ మాట్లాడకుండా ఫోను పెట్టేశాను. అచ్చు వేయించి, పేరు రాయకుండా బడి ఫిర్యాదుల పెట్టెలో వేశాను.

ఆ వారమే అన్నను మాన్పించారు. ఇంటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మూడుసార్లు జేస్తివే, నీకేమన్నా అయిందేమోనని ఎత్తినా. ఏంటికి జేసినావురా?”

“ఊరికే. నేనే చేశానని ఆఫీసులో చెప్పలేదా?”

“యాడ చెప్పేది? సంజాయిషీకి తావు లేదని నువ్వే రాస్తివి గదప్పా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నా నియమం న్యాయమైనదని అన్న నిజంగానే నమ్మాడు.

ఇప్పుడు బనగానపల్లె తోటల నుంచి మామిడికాయల లోడు తోలుతున్నాడు. నాయన ఆ గేటు ముందు నుంచి నడవడం మానేశాడు. సున్నా పోతే ఆ గర్వం నా వైపు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. “పాపం, పెద్దోడు” అని నాయన అన్నప్పుడల్లా ఆ జాలి మీద కూడా నాకు అసూయ పుట్టింది. ఎంత అల్పుణ్ణో చూశారా?

ఇంకొకటి. ఆ సాయంత్రం బస్సు నిండా పిల్లలు ఉన్నారు. రోడ్డు భద్రత మీద బహుమతి గెలిచిన నేను, వాళ్లను తీసుకొస్తున్న డ్రైవరు చూపును రోడ్డు మీద నుంచి మూడుసార్లు లాగాను.

అన్న ఫోను ఎత్తడం తప్పే. ఆ తప్పు చేయించింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు, మా అన్నది. ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. అయినా ఈ నాలుగు మాటలూ కాగితం మీద పడ్డాక, చాలా కాలానికి, ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లింది.