పై గూడెం కుళాయి

వంటింటి కుళాయి కొద్దిగా తిప్పితే నీరు గాజుపుల్లలా నిలబడుతుంది. ఇంకాస్త తిప్పితే తెల్లబడి, చప్పుడు చేస్తూ చెదిరిపోతుంది. మొన్న పొద్దున ఆ చప్పుడు వింటూ అక్కడే నిలబడిపోయాను. సత్యవతి మేడమ్ పోయారని ముందు రోజే తెలిసింది. పాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు: ‘గొప్ప ఇంజనీరు. ఆ ఒక్క కొండ పథకం లెక్కే తప్పారు.’ ఆ లెక్క ఆవిడది కాదు, నాది.

అప్పట్లో నేను ఆవిడ దగ్గర పనిచేసేవాణ్ని. మన్యంలో ముంచింగిపుట్టు అవతల ఒక ఊటనీటిని పైపులో లోయలోకి దింపి, కింది ఊరికిచ్చి, ఎదుటి కొండమీది గూడేనికి ఎక్కించాలి. కంప్యూటర్లో ఆ ప్రవాహాన్ని నడిపి చూసే పని మేడమ్ నాకిచ్చారు. వేసవిలో మేం కొలిచిన ఊట సన్నటి ధార. అంత నెమ్మది నీరు పైపులో పొరలు పొరలుగా జారుతుంది కనుక లామినార్ మోడల్ పెట్టాను. కుళాయిలన్నీ తిప్పినప్పటి పూర్తి ప్రవాహానికీ దాన్నే ఉంచేశాను. సుడులు తిరిగే నీటికి వాడే టర్బులెంట్ మోడల్ పెడితే లెక్క ఓ పట్టాన తేలడం లేదు, గడువేమో దగ్గరపడింది.

“రెనాల్డ్స్ నంబరు చూసావేటి?” అని మేడమ్ అడిగారు. నీరు జారుతుందో, సుడులు తిరిగి పైపు గోడలకు రాసుకుంటూ బలం పోగొట్టుకుంటుందో చెప్పే అంకె అది. చిటికెలో తేలే పని. చూశానన్నాను. నా మాట మీద ఆవిడ సంతకం పెట్టారు.

నీళ్లు వదిలిన రోజు పై గూడెంలో కుళాయి కింద బిందెలు బారుగా పెట్టారు. మొదట ధార వచ్చింది, ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత కింది ఊళ్లో కుళాయిలు తిప్పారు. ధార వణికి, చుక్కలై, ఆగిపోయింది. ముందు నిలబడ్డ ముసలామె నావైపు చూడనేలేదు.

“మాకు రాదేటమ్మా?” అని మేడమ్‌ని అడిగింది.

“వస్తాదమ్మా. లెక్క తప్పింది. తప్పు నాదే,” అన్నారావిడ, పై అధికారులందరి ముందు.

తిరుగుదారిలో, ఘాట్ మలుపుల్లో, ఒక్కసారే అడిగారు: “నిజంగా చూసావా, నాయనా?”

“చూశాను మేడమ్.”

ఆఫీసుకు చేరాక ఆవిడే కూర్చుని లెక్క మళ్లీ చేతితో చేశారు. పెద్ద పైపు పడేసరికి ఏడాది తిరిగింది. అన్నాళ్లూ గూడెం ఆడవాళ్లు లోయలోకి దిగి, బిందెలతో ఎక్కారు. మెమో మేడమ్‌కి వచ్చింది. చేతిలెక్క చేసిన మనిషికి నేను చూడలేదని తెలియకుండా ఉండదు. అయినా తర్వాతి పథకమూ నాకే ఇచ్చారు. “బేగి అవ్వక్కర్లేదు. ముందు నంబరు సెప్పు, మోడల్ తర్వాత,” అని నా బల్ల పక్కనే నిలబడేవారు. నంబరు చెప్పాక కూడా ఇంకాసేపు ఆగేవారు. నేను మాత్రం నంబరు ఒక్కటే చెప్పేవాణ్ని.

గ్రూపులో ఆ వాక్యం కింద నిన్న ‘ఆ లెక్క నాది’ అని రాశాను. చదవాల్సిన మనిషి లేరు. ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లు “చూశాను సార్” అన్నప్పుడల్లా ఆ మాట నాకు నా గొంతుతోనే వినిపిస్తుంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను.