వీరన్న గారి ఆముదం అర్జీ

ధవళేశ్వరంలో జరిగిన ఒక మహాయుద్ధం కథ చెబుతాను, కాస్త సర్దుకుని కూర్చోండి. ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన శత్రువు, ఇక్కడ ఒంటరిగా నిలబడ్డ వీరుడు, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే శత్రువు ఒక రేకు డబ్బా, వీరుడికి మోకాళ్ల నొప్పులు, యుద్ధం ఒక్క పూటలో ముగిసింది. ఈ ఉదయం ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా తలకి ఆముదం దట్టంగా పట్టించుకొచ్చాడు. అందరూ కిటికీ వైపు జరిగారు. నేను మాత్రం కలం ఆపి కూర్చుండిపోయాను. ఆ వాసనలో మూడేళ్లు బతికినవాణ్ణి.

మిషను బడిలో చదువు ముగించి, కాలువ ఆఫీసులో నకళ్లు రాసే పనికి చేరిన కొత్తలో, వీరన్న గారి గానుగ పక్క గదిలో అద్దెకుండేవాణ్ణి. కాలువ లాకుల దగ్గర పడవలకి దారి చూపే దీపాలన్నిటికీ ఆయన ఆముదమే వెళ్లేది. కళ్లకు గంతలతో ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతుంటే, ఇంత నడిచినా ఎక్కడికీ చేరలేదు, అచ్చం మా ఆఫీసు కాగితాల్లాగే ఉందని ఒకసారి అన్నాను. ఆయన నవ్వలేదు. లాకు దీపం దాకా చేరిందిగా అన్నారు. నా హాస్యానికి అది తొలి దెబ్బ. ఆయనకి అక్షరాలు రావు. ముక్కే ఆయన చదువు. బొట్టు నూనె అరచేతిలో రుద్ది వాసన చూసి, గింజ ఏ వైపు చేలదో, ఎన్నాళ్లు నిల్వ ఉందో చెప్పేవారు.

లాకులకి ఇకమీదట కిరసనాయిలే వాడబోతున్నారన్న కబురు ఆయనకి మోసింది నేనే. కాకినాడ రేవులో దిగే ఓడల సరుకు. లాకుల పని పోతే గానుగ ఆగుతుంది, ఎద్దుని అమ్ముకోవాలి. మా ఆఫీసు దొరగారికి అర్జీ రాసిపెట్టమన్నారు. ఎద్దే తన గోడు చెప్పుకుంటున్నట్టు చమత్కారంగా రాసి వినిపించాను. ఓపిగ్గా చివరిదాకా విన్నారు.

"బాగుంది బాబూ. దొరగారు నవ్వుతారు. నవ్వినోడు మళ్లీ ఆలోచించడు. ఇలా రాయి. ఆముదం మన మెరక చేలల్లో పండుద్ది. కిరసనాయిలు ఓడెక్కి రావాలి. గాలివానకి ఓడ ఆగిపోతే, లాకు కాడికొచ్చే పడవకి ఏం చూపిస్తారండీ అని అడుగు."

అదే రాశాను. ఏ వెలుతురులో రాశానన్నదే ఇబ్బంది. ఆయనకి తెలియకుండా గాజు చిమ్నీ ఉన్న కిరసనాయిలు దీపం ఒకటి కొనుక్కుని, తలుపు మూసి వెలిగించుకునేవాణ్ణి. దీపాలవేళ సాపు ప్రతి రాస్తుంటే మోచెయ్యి తగిలి దీపం ఒరిగింది, కాగితం మూల తడిసింది. తెల్లవారితే అర్జీలు తీసుకునే రోజు. ఇంట్లో మరో మంచి కాగితం లేదు. పొద్దున్నే ఎండలో ఆరబెట్టి, మచ్చ కనబడటం లేదు కనక వాసనా పోయిందని నన్ను నేను నమ్మించుకున్నాను. చేతికివ్వగానే ఆయన అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మడిచి రొంటిన దోపుకున్నారు.

ఆఫీసులో హెడ్డు గుమాస్తా అర్జీ విప్పి, కిరసనాయిలు వాసనకి ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటండీ వీరన్న గారూ, మీ అర్జీ కూడా మా పక్షానే సాక్ష్యం చెబుతోంది?"

గదంతా నవ్వింది. ఎందుకని అడిగి తెలుసుకుని దొర కూడా నవ్వాడు, చదవకుండానే కాగితం పక్కన పెట్టాడు. ఆ గదిని అలా నవ్వించాలని మూడేళ్లుగా తంటాలు పడుతున్నాను. మొదటిసారి నెగ్గాను.

తిరుగుదారిలో కాలువ గట్టు మీద, దీపం ఒలికిందండీ, తప్పు నాదేనండీ అన్నాను. ఆయన నడుస్తూనే అన్నారు.

"ఒలకటం తప్పేం కాదు. నువ్వా దీపం తెచ్చిన రోజే నాకు తెలుసు. మధ్యలో ఉన్నది గోడే కదా. కళ్లకి సుఖంగా ఉందా?"

"ఉందండీ."

"మరి చెప్పొచ్చు కదయ్యా. దాచుకునేవాడి చేత రాయించాను చూడు, అదే తప్పు."

అప్పటినుంచి ఎవరికి అర్జీ రాసిపెట్టాలన్నా, ఆ విషయంలో నా ఇంట్లో ఏం జరుగుతోందో ముందే చెప్పేస్తాను. సగం మంది లేచి వేరే రాయసగాణ్ణి వెతుక్కుంటారు. ఉండిపోయినవాళ్ల అర్జీలూ పెద్దగా నెగ్గవు. వీరన్న గారు ఎద్దుని అమ్మి ఆత్రేయపురంలో కూతురి ఇంటికి వెళ్లారు. రెండో వర్షాకాలం చూడకుండానే పోయారు. గానుగని ఎవరూ కొనకపోతే ఆయన ఇంటివాళ్లు చీల్చి వంటచెరకు చేశారు, నాకూ ఓ మోపు ఇచ్చారు. ఏళ్ల తరబడి నూనె తాగిన కర్ర, ముసురులో కూడా ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంటుంది.