పటం వెనక గులాబీ రిబ్బన్లు

మా చిన్నప్పుడు... మిషిగన్‌లో మంచు కరిగాక గడ్డి కంటే ముందు సరిహద్దు గొడవ బయటపడేది. నోవై అనే ఊళ్లో మా ఇంటికీ పక్కింటికీ మధ్య కంచె లేదు. ఆ నాలుగడుగుల జాగా నాదంటే నాదని పక్కింటాయనకీ నాన్నకీ పంతం.

ఒకరోజు పక్కింటాయన సర్వేయర్‌ని పిలిచి కొలిపించాడు. గడ్డిలో మూడు చెక్క కర్రలు పాతి, వాటికి గులాబీ రంగు రిబ్బన్లు కట్టి వెళ్లారు.

మర్నాడు అమ్మానాన్నలు ఆఫీస్‌లో ఉన్నారు. మా నాయనమ్మ బీరపాదుకి ఊతకర్రలు వెతుకుతోంది. ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన మనిషి, ఆవిడకేం తెలుసు పాపం! ఎనిమిదేళ్లదాన్ని, నాకు మాత్రం ఏం తెలుసు!

"అదుగో బుజ్జీ, ఎవరో పాతి వదిలేశారు. పీక్కురా తల్లీ."

పీకాను... మూడూ. రిబ్బన్లు విప్పి నా బొమ్మ జడకి కట్టుకున్నాను కూడా.

వారం తిరక్కుండా లాయర్ లెటర్ వచ్చింది. సర్వే గుర్తులు మేమే పీకేశామట. ఆయన చెప్పిన చోట కంచెకి ఒప్పుకోకపోతే కోర్టుకే... పీకిందెవరో అక్కడే తేలుస్తారట.

అమ్మ ఆ లెటర్ రెండుసార్లు చదివింది.

"ఏమండీ, గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఇప్పుడు కేస్ పడితే ఎలా?"

"మనం టచ్ కూడా చేయలేదు. కోర్టుకే రమ్మను, ఫైట్ చేస్తా!" అని నాన్న ఎగిరారు. తర్వాత నావైపు తిరిగారు. "నువ్వేమైనా చూశావా తల్లీ?"

"నో నాన్నా... నేను చూడలేదు."

గబగబా వెళ్లి బొమ్మ జడ విప్పాను. రిబ్బన్లు తీసుకెళ్లి వెంకటేశ్వరస్వామి పటం వెనక దాచేశాను. స్వామి ఎవరికీ చెప్పడు కదా!

అక్కణ్ణుంచి ఒకటే భయం... కర్రలు ఆకుల్లో త్వరగా మునిగిపోవాలని రోజూ పాదుకి నీళ్లు పోసేదాన్ని. ఇంటి ముందు కార్ ఆగితే బట్టల క్లాజెట్‌లో దూరేదాన్ని. పోలీసులొచ్చి నాయనమ్మని తీసుకుపోతారనుకునేదాన్ని. అన్నం కూడా సయించేది కాదు.

అంత ఎగిరిన నాన్న ఒక శనివారం ఉన్నట్టుండి సంతకం పెట్టేశారు. కంచె లేచింది. బీరపాదు అవతలికి పోయింది. "ఇంతోటి దానికి అంత గొడవెందుకు?" అని అమ్మ ఎన్నాళ్లు సాధించిందో! నాన్న లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు. నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను... సిగ్గు లేకుండా.

పోయిన నెల ఆ ఇల్లు అమ్మేశాం. సామాను సర్దుతూ పటం దించితే రిబ్బన్లు అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్లయినా వాటి మీద ఇంత కూడా దుమ్ము లేదు!

మా ఇంట్లో ప్రతి శుక్రవారం పటాలు తుడిచేది నాన్నే.

వెనక్కి తిరిగితే గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"తెలుసా నాన్నా?"

"ఆ వారమే తెలిసింది. కోర్టులో నిన్ను నిలబెట్టి అడుగుతారని భయమేసిందిరా. నాలుగడుగుల నేల కోసం నిన్ను బోనెక్కిస్తానా?"

నా ఒక్కదానిదే అనుకున్న భయం... ఆయన కూడా మోశారన్నమాట.

ఇప్పుడు మా పిల్లలు ఏం చేసినా ఇంటి కెమెరాలో కనిపించేస్తుంది, సాయంత్రానికల్లా నిలదీసేస్తున్నాం. తెలిసీ అడగకుండా ఊరుకునే ఓపిక మనకేదీ!

మీ ఇళ్లలోనూ ఇలా తెలిసీ అడగని పెద్దవాళ్లు ఉన్నారా? ఉంటే కింద రాయండి... ముందు వాళ్లకి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాక.