కాలువలో కాళ్లు పెట్టిన అవ్వ

మొన్న మోర్తాడ్ మీదుగా బస్సులో వెళ్తుంటే ఉడుకుతున్న పసుపు వాసన వచ్చింది. బాపు తల్లి, మా అవ్వ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. దసరా సెలవుల్లో అవ్వ వెంట పసుపు చేనుకు వెళ్లేదాన్ని. దారిలో ఆమె రోజూ కాలువలో కాళ్లు పెట్టి, కళ్లు మూసుకుని కూర్చునేది. పిలిచినా పలికేది కాదు. కాళ్ల నొప్పులు దాస్తోందని భయపడి బాపుకు చెప్పేశాను.

"రేపటి సంది చేనుకు రాకే అవ్వా, ఇంట్లనే ఉండు," అన్నాడు బాపు.

నాలుగు రోజులు అవ్వ గడప దాటలేదు. అన్నం సగమే తినేది. చూడలేక, చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను.

"కాళ్లు నొస్తలేవు బిడ్డా. గా నీళ్ల సప్పుడు ఇనుకుంట జరసేపు కూసుంటే పానం నిమ్మలమైతది. నాకు గదే దేవునికి మొక్కినట్టు," అంది.

బాపును ఒప్పించి, మర్నాడు నేనే తీసుకెళ్లాను. పక్కన కూర్చున్న కాసేపటికే నాకు విసుగొచ్చింది.

"ఇగ పోదామా అవ్వా?"

"నువ్వు నడువు, నేనొస్త."

రోజంతటిలో ఆమెకంటూ ఉన్నది ఆ కాస్త సమయమే. నాకూ ఒక ఇల్లు, ఉద్యోగం వచ్చాక గానీ అది తెలియలేదు.