బాత్రూమ్ గోడకు నాలుగు రంధ్రాలు

మా అత్తయ్య బాత్రూమ్‌లో జారిపడిన రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయనకు విశాఖలో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి విజయవాడ వస్తారు. ధబ్బుమన్న చప్పుడు విని పరిగెత్తేసరికి ఆవిడ తలుపుకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. అదృష్టం కొద్దీ ఎముకలేవీ విరగలేదు. తుంటి మీద అరచేతంత నల్లమచ్చ పడింది. నెలరోజులకు మచ్చ పోయింది గానీ భయం పోలేదు.

ఆవిడ చల్లపల్లి దగ్గర పల్లెటూళ్లో నలభై ఏళ్లు వ్యవసాయం చేయించిన మనిషి. మోకాలి లోతు బురదలో గట్ల వెంబడి నడిచిన కాళ్లు. అలాంటిది ఇప్పుడు నేను చెయ్యి పట్టుకుంటే తప్ప బాత్రూమ్ గడప దాటేది కాదు. నేను నీళ్లు పోస్తున్నంతసేపూ గోడవైపు చూస్తూ కూర్చునేది. తర్వాత తర్వాత రోజు విడిచి రోజు స్నానం చేయడం మొదలుపెట్టింది. ఒకరోజు, "ఇవాళొద్దులే అమ్మాయ్, చలిగా ఉంది" అంది. అది మే నెల. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.

డాక్టరు గారు గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించమన్నారు. మంచి స్టీలు కడ్డీ కొన్నాను. అది తొమ్మిది రోజులు డైనింగ్ టేబుల్ మీదే పడుకుంది. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే రేపొస్తానంటాడు, ప్లంబరు ఎల్లుండంటాడు. నాలుగు రంధ్రాల కోసం ఎవరు పని మానుకుని వస్తారు? పదో రోజు ఆఫీసు నుంచి నేరుగా గవర్నర్‌పేట వెళ్లి వైరున్న డ్రిల్లింగ్ మిషన్ కొనేశాను. సారు వాడతారా అని షాపాయన అడిగాడు. నేనేనన్నాను. ఆయన ఒకసారి నన్ను చూసి, టైల్స్‌కు వేరే బిట్టు, అంటే రంధ్రం వేసే మొన, కావాలని చెప్పి అది కూడా పెట్టెలో వేశాడు. పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంది. నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు.

ఆదివారం ఉదయం తలంటుకుని, జుట్టు ఆరాలని అలాగే వదిలేసి పనికి దిగాను. ఒంటిమీద నేత చీర, చేతులకు గాజులు. ఎక్స్‌టెన్షన్ బాక్సు తడి గడప మీదే పెట్టాను. పెన్సిల్‌తో గుర్తు పెట్టి మిషన్ ఆన్ చేశాను. బిట్టు టైలు మీద నిలవలేదు. సర్రున పక్కకు జారి తెల్లటి గీత గీసింది. మిషన్ నా చేతిని లాక్కుపోయినట్టయింది, పైట చెంగు ఎగిరి తిరుగుతున్న బిట్టు పక్కన పడింది. బటన్ మీంచి వేలు ఎలా తీశానో నాకు గుర్తులేదు.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన. కొండపల్లి దగ్గర థర్మల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. లిఫ్టులో కనబడితే పలకరించుకోవడమే తప్ప పెద్ద పరిచయం లేదు. మోతకు ఇబ్బందిపడి వచ్చారనుకుని క్షమాపణ చెప్పబోయాను.

"మోతకేం లేదమ్మా. అది బిట్టు జారుతున్న మోత. ఎవరు చేస్తున్నారో చూద్దామని వచ్చాను" అన్నారు. బాత్రూమ్ లోపలికి తొంగి చూసి, "ముందు ప్లగ్గు తియ్యండి. మాటలు తర్వాత" అన్నారు.

తీశాను. మిషన్ ఆయన చేతికివ్వబోతే పుచ్చుకోలేదు. పక్కనుండి చెప్తానని, చెయ్యాల్సింది నేనేనని అన్నారు. సరే, చేతులు భద్రంగా ఉంటాయి కదా అని నేను లోపలికి వెళ్లి స్కూటరు మీద వేసుకునే గ్లవ్స్ తెచ్చాను. వాటిని చూడగానే ఆయన ముఖం మారిపోయింది.

"అవి పక్కన పెట్టండమ్మా" అని తన కుడి బొటనవేలు చూపించారు. అది వంగదు. ప్లాంటులో ఒకరోజు గ్లవ్స్ వేసుకునే డ్రిల్లింగ్ చేశారట. తిరుగుతున్న బిట్టు గుడ్డ అంచును పట్టుకుంది. గుడ్డతో పాటు వేలిని కూడా మెలిపెట్టేసింది. "కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. ఉత్త చెయ్యయితే గీరుకుపోయేదేమో. గుడ్డయితే వదలదు" అన్నారు. అప్పటినుంచి డ్రిల్లింగ్ మిషన్ ముట్టుకోలేదని, ఇంట్లో మేకు కొట్టాలన్నా వాళ్లావిడే కొడుతుందని చెప్పారు. ఆ మాట అంటూ కొంచెం సిగ్గుపడ్డారు.

నేను వెళ్లి చీర మార్చుకుని చుడీదార్ వేసుకున్నాను, చున్నీ లేకుండా. గాజులు, గొలుసు తీసి పెట్టాను. జుట్టు ముడి వేసి క్లిప్పు పెట్టాను. ఈలోగా అత్తయ్య కుర్చీ తెచ్చుకుని హాల్లో మాకెదురుగా కూర్చుంది. ఆయన నేల తుడిపించారు. ఎక్స్‌టెన్షన్ బాక్సును పొడిగా ఉన్న గదిలోకి జరిపి, వైరు కాళ్లకు అడ్డం పడకుండా గోడవారగా లాగారు. వైరు పొడవునా వేళ్లతో తడిమి ఎక్కడా చీలిక లేదని చూసుకున్నారు. మెయిన్ బోర్డులో షాకు కొడితే కరెంటు కట్టయ్యే స్విచ్ ఉందా అని అడిగి, దాని బటన్ నొక్కి చూశారు. ఫ్లాటంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. పనిచేస్తోందని తృప్తిగా తలాడించి మళ్లీ పైకెత్తారు.

ఆ తర్వాత నేను పెట్టిన పెన్సిల్ గుర్తు దగ్గర ఆగిపోయారు. చాలాసేపు చూశారు. దానికి సరిగ్గా పైన గీజరు, సరిగ్గా కింద కుళాయి.

"వేణ్నీళ్లు గోడలోంచి కాకపోతే ఎలా దిగుతాయమ్మా? గొట్టం ఇక్కడే ఉంటుంది. గీజరు వైరు కూడా ఈ పక్క నుంచే దిగి ఉండొచ్చు."

బిట్టు జారకపోయి ఉంటే తడికాళ్లతో నిలబడి నేను ఆ గోడలోకే దింపేదాన్ని. స్విచ్చుకు, కుళాయికి, గీజరుకు నిట్టనిలువుగానూ అడ్డంగానూ ఉన్న దారుల్లో ఎప్పుడూ రంధ్రం వేయొద్దని చెప్పి, గుర్తును ఎడమ గోడ మీదకు మార్పించారు. ఎంత ఎత్తులో పెట్టాలో అత్తయ్యనే అడిగారు. ఆవిడ లేచి వచ్చి, స్టూలు మీద కూర్చుని, గోడ మీద చెయ్యి వేసి, "ఇదిగో, ఇక్కడ" అంది. పడిన తర్వాత నా సాయం లేకుండా ఆవిడ ఆ గడప దాటడం అదే మొదలు. అప్పుడు మేమెవరం గమనించలేదు.

గుర్తు మీద కాగితం టేపు అంటించాను, బిట్టు జారకుండా. ప్లగ్గు తీసి ఉన్నప్పుడే బిట్టు బిగించి, దాన్ని బిగించే చిన్న తాళంచెవిని వెంటనే తీసి దూరంగా పెట్టాను. అది అక్కడే మర్చిపోయి ఆన్ చేస్తే తూటాలా ఎగురుతుందన్నారాయన. కళ్లలో పొడి పడకుండా అద్దాలు తెస్తానంటూ ఆయన బయల్దేరబోతే ఇవి చాలవా అని నా కళ్లద్దాలు చూపించాను. చాలవు, పక్కల నుంచి పొడి దూరుతుందని కింద నుంచి తన పాత ప్లాంటు అద్దాలే తెచ్చి ఇచ్చారు.

రెండు చేతులతో పట్టుకున్నాను. కాళ్లు ఎడంగా పెట్టాను. సుత్తిలా కొట్టే మీట ఆపేసి, నిదానంగా తిప్పడం మొదలుపెట్టాను. గట్టిగా నొక్కవద్దని, బరువు మిషన్‌దే కానిమ్మని ఆయన అంటూనే ఉన్నారు. టైలు దాటిందని చేతికే తెలిసింది. అప్పుడు ప్లగ్గు తీసి గోడ బిట్టు మార్చి, కొట్టే మీట వేసి మిగతా లోతు దింపాను. బిట్టు పొగలు కక్కకుండా మధ్యమధ్య ఆపాను. నాలుగు రంధ్రాలకు గంటన్నర పట్టింది. కడ్డీ బిగించాక ఆయన తన బరువంతా వేసి లాగారు. కదల్లేదు.

మర్నాడు ఉదయం నేను వంటింట్లో ఉండగా బాత్రూమ్ తలుపు గడియ పడింది. వెళ్లి బయట నిలబడ్డాను, పిలవలేదు. చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినబడింది. ఆగింది, మళ్లీ మొదలైంది. పావుగంటకు తలుపు తెరుచుకుంది. తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది అత్తయ్య. నన్ను చూసి, "ఇక్కడేం చేస్తున్నావ్? పాలు పొంగిపోతాయి" అంది. వంటింట్లోకి వెళ్లి స్టవ్వు కట్టేసి ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయాను. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

అత్తయ్య ఈ సంగతి అపార్ట్‌మెంటులో అందరికీ చెప్పింది. రెండు వారాల్లో మూడు ఫ్లాట్ల వాళ్లు అడిగారు. నేను చేసిపెడతానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. వాళ్లకీ నేర్పుదామన్నారు. సెల్లార్‌లో ఒక పాత చెక్క, పగిలిన టైలు ముక్కలు పెట్టి ఆదివారం సాయంత్రాలు నలుగురు ఆడవాళ్లం నేర్చుకున్నాం. మూడో ఆదివారం ఒకావిడ మిషన్‌ను ఎంతకీ తిన్నగా పట్టుకోలేకపోతుంటే, చూసి చూసి ఆయనే అందుకున్నారు. ఎడమచేత్తో పట్టుకుని చెక్కకు చక్కగా ఒక రంధ్రం వేశారు. పక్కనున్న వాళ్లావిడ కొంగుతో ఆయన భుజం మీది పొట్టు దులిపింది.

మొన్న నేనూ అత్తయ్యా చల్లపల్లి బస్సెక్కాం. అక్కడ ఆవిడ చెల్లెలుంది, మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ చిన్నప్పటి కబుర్లు చెప్పుకుంటుంటే నేను పెరటి బాత్రూమ్ గోడకు కడ్డీ బిగించాను. ఇటుక గోడ, తొందరగానే అయిపోయింది. చిన్నత్తయ్య వచ్చి పట్టుకుని చూసి, "ఇంకోటి మెట్ల దగ్గర కూడా వేస్తావా?" అని అడిగింది. సాయంత్రం బస్సుకు ఇంకా చాలా టైముంది. వేస్తానన్నాను.